పాము తర్వాత ఏమిటి

నోరు మూసుకోవాలి, నాలిక కొస అంగిటికి ఆనించాలి, మనసును దించి అరికాళ్ళలో పెట్టాలి. వెన్ మాస్టారు తొమ్మిదేళ్ళుగా చెప్పేది ఈ మూడే. మొదటి రెండూ సూచింగ్ చేసేసింది. మూడోదే కుదరడం లేదు. దిగమంటే మనసు దిగుతుంది, మెడ దాటి, గుండె దాటి, నడుం దాటి, తీరా అరికాళ్ళ దాకా పోకుండా పక్కకి జారుకుని ఇంటికి పోతుంది, మూడంతస్తులు ఎక్కి, తాళమైనా తియ్యకుండా వంటింట్లో దూరి, పొయ్యిగట్టు కింద బోర్లించి ఉన్న ఖాళీ ఊరగాయ జాడీ దగ్గర చతికిలబడుతుంది. రా అంటే రాదు. ఇక్కడ ఒళ్ళు మాత్రం చేతులు పైకి లేపుతోంది, నీళ్ళలో తేలుతున్నట్టు మెల్లిగా, తైచీ ఎనభై అయిదు భంగిమల్లో ఇది మొదటిది, పక్కన నలభై మంది చేతులు కూడా అలాగే లేస్తున్నాయి, టేపులో వేణువు సాగుతోంది, కర్పూరం చెట్ల కింద పొగమంచు ఇంకా విడలేదు, టీ దుకాణం ఆవిడ వెదురు కుర్చీలు బరబరా ఈడుస్తోంది. ఇంత ప్రశాంతత చుట్టూ ఉండగా అరవై నాలుగేళ్ళ ఆడమనిషి గుండె ఇలా దడదడలాడడం ఏమిటి, డాక్టరు ఈ అభ్యాసం రాసిచ్చిందే రక్తపోటుకీ కోపానికీ కదా, రోజూ పొద్దున్న ప్రశాంతంగా చేతులు తిప్పండమ్మా, మందు సగానికి తగ్గిస్తాను అన్నాడు. తగ్గించలేదు.

అందరూ దక్షిణానికి తిరిగి మొదలుపెడతారు. ఆ దిక్కునే ఉండిపోతే ఏ గొడవా లేదు, ముందు వరసలో నలుగురు పాతకాపులున్నారు, వాళ్ళని చూసి చేసేయవచ్చు. కాని ఈ అభ్యాసం మనిషిని ఒక దిక్కున ఉండనివ్వదు, పడమటికి తిప్పుతుంది, తూర్పుకి తిప్పుతుంది, తిప్పినప్పుడల్లా ముందున్నవాళ్ళు పక్కవాళ్ళైపోతారు, పక్క అంచున ఉన్నవాడు హఠాత్తుగా అందరికీ నాయకుడైపోతాడు. అందుకే తప్పు చెయ్యనివాళ్ళని ఏరి అంచుల్లో నిలబెడతారు. పడమటి అంచున లావో బీ, అంటే సూచింగ్ మొగుడు. తూర్పు అంచున క్వాంగ్ అక్క. ఆ అక్క ఇవాళ కంటి శుక్లం తీయించుకోడానికి ఆసుపత్రిలో చేరింది, తీయించుకోడానికి ఇంకో రోజే దొరకనట్టు. వెన్ మాస్టారికి తుంటి నొప్పి, మడత పీట వేసుకుని టీ సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, మొదలుపెట్టే ముందు కూర్చునే అన్నాడు, “సూచింగ్, నువ్వెళ్ళి తూర్పంచున నిలబడు.”

“నేనా మాస్టారూ? నాకంత...”

“లావో బీ పెళ్ళానివి. నీకు రాకపోతే ఇంకెవరికొస్తుంది?”

నలభై తలలూ తిరిగాయి. లావో బీ మాత్రం చొక్కా చేతి గుండీ ఊడిందేమోనని పరీక్షగా చూసుకుంటున్నాడు. నాకు రాదు మాస్టారూ అని ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే మొగుడు వింటాడు. నెల కిందట, ఇంకా మాటలుండే రోజుల్లో, అన్నం తింటూ తింటూ అన్నాడు, “తొమ్మిదేళ్ళైనా నువ్వు నేర్చుకోలేదే, ఎదటివాళ్ళ వీపులు చూసి లాగించేస్తున్నావు.” దానికి తనేమంది, “కళ్ళకు గంతలు కట్టుకుని చేస్తాను, చూస్తావా?” అంది. నోరు అలాంటిది. ఆ నోటిని అంగిటికి అతికించి పెట్టుకుంటే ఇంత దూరం వచ్చేది కాదు. నిజం చెప్పాలంటే ఆయనన్నది నూటికి నూరుపాళ్ళూ నిజం. తూర్పుకి తిరిగితే క్వాంగ్ అక్క ఊదారంగు జాకెట్టు వీపు, పడమటికి తిరిగితే మొగుడి బూడిదరంగు వీపు, ఆ రెండు వీపుల మధ్య తొమ్మిదేళ్ళు హాయిగా గడిపేసింది. అక్క జాకెట్టుకి ఎడమ భుజం కింద దారం ఎక్కడ లేచిందో చెప్పమంటే చెబుతుంది, నలభయ్యో భంగిమ ఏమిటో చెప్పమంటే చెప్పలేదు.

పిచ్చుకతోక పట్టుకోవాలి, భంగిమల పేర్లన్నీ ఇలాంటివే, గుంపంతా పడమటికి తిరిగింది. ఇక్కడ దిగుల్లేదు, పడమటికి తిరగ్గానే తను ఆఖరి వరసైపోతుంది, అందరికంటే ముందు ఆ వీపు కనిపిస్తుంది, నిటారుగా, కొలబద్ద మింగినట్టు. టర్బైన్ల కర్మాగారంలో నక్షాలు గీసి గీసి ఆ వీపు అలా అయింది. పదకొండు రోజులు. ఆ వీపుతో మాట్లాడి ఇవాళ్టికి పదకొండు రోజులు. ఏదైనా చెప్పాలంటే ఆయన క్యాలెండరు కాగితం చించి వెనకాల రాసి బల్ల మీద పెడతాడు, గ్యాసు మీటరు చూసేవాడు వచ్చి వెళ్ళాడు అని, చివర చుక్క కూడా పెట్టి మరీ. తనేమో అన్నం కుక్కరుతో చెబుతుంది, వినమ్మా, కొంతమందికి చెత్తబుట్ట ఎక్కడుందో ముప్పై ఎనిమిదేళ్ళైనా తెలియదు, కాని జాడీ ఎక్కడుందో మాత్రం బాగా తెలుసు అని. ఎవరు ముందు నోరు తెరిస్తే వాళ్ళు ఓడినట్టు. ఎవరూ చెప్పుకోలేదు, రాసుకోలేదు, కాని ఇద్దరికీ తెలుసు. తను తెరవదు. ఛస్తే తెరవదు. తెరవాల్సింది పారబోసినవాడు.

బజారు నుంచి రెండు సంచులు మోసుకొచ్చింది ఆ రోజు, ఒకదాన్నిండా లేత అల్లం, ఇంకోదాన్నిండా పచ్చిమిరపకాయలు, అన్నీ ఆ జాడీలో వెయ్యడానికే. గుమ్మంలో చేతులు మోచేతుల దాకా తడుపుకుని నిలబడ్డాడు, ముఖం వెలిగిపోతోంది, మెచ్చుకుంటారని చూసే చిన్నపిల్లాడి ముఖం. జాడీని సోడా వేసి వేణ్ణీళ్ళతో మూడుసార్లు కడిగాడట. ఎండలో బోర్లించాడట. లోపల తెల్లటి తెట్టె కట్టిందట, కంపు కొడుతోందట, ఈ వయసులో ఆరోగ్యం చూసుకోవాలి కదా అట. తెట్టె కడితే చెంచాడు సారా పోసి కలియబెడితే మర్నాటికి విరిగిపోతుందని ఈ ఊళ్ళో బడికెళ్ళే పిల్లకైనా తెలుసు. ఈ మనిషికి తెలియదు, ఈయన ఉత్తరాన ఎక్కడో షాన్‌డోంగ్ నుంచి కర్మాగారం ఇక్కడికి తరలినప్పుడు దాంతో పాటు వచ్చాడు, వచ్చినవాడు వచ్చినట్టే ఉన్నాడు, క్యాంటీన్ కిటికీ దగ్గర మొదటిసారి పళ్ళెం పట్టుకుని, “మిరపకాయ వెయ్యకండి” అన్నాడు, లోపలి నుంచి వడ్డించే సూచింగ్ మిరపకాయలన్నీ అడుగున పెట్టి పైన అన్నం కప్పి ఇచ్చింది, కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే తినేసి మళ్ళీ వచ్చి అదే కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఇప్పటికీ కూరలో మిరియపు గింజలు ఒక్కొక్కటీ ఏరి పళ్ళెం అంచున వరసగా పేరుస్తాడు, పేర్చి లెక్కపెడతాడు. అలాంటివాడికి ఆ ఊట ఏమిటో ఎలా తెలుస్తుంది? అమ్మ ఊట అది, ఏళ్ళ తరబడి పారబోయకుండా అందులోనే కొత్త కాయలు ఊరేసేది. అమ్మకి వాళ్ళమ్మ ఇచ్చింది. పెళ్ళైన ఏడు ఎనామెల్ గ్లాసులో పోసి, పైన గుడ్డ కట్టి, కొండదారిలో ఆరు గంటలు బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది, కొత్త జోళ్ళ మీద వాంతి చేసుకుంది గాని గ్లాసు తొణకనివ్వలేదు. ముల్లంగి వేసినా, అల్లం వేసినా, బొబ్బరకాయలు వేసినా, మూత తియ్యగానే అమ్మ చేతుల వాసన. అమ్మ పోయి పంతొమ్మిదేళ్ళు. “మా అమ్మని పారబోశావు” అంది సూచింగ్ ఆ రోజు. “ఉప్పునీళ్ళే కదే, మళ్ళీ కలుపుకుందాం” అన్నాడు లావో బీ. అవే ఆఖరి మాటలు. పారబోసినందుకు కాదు, తెలియక చేశాడు, పోనీ అనుకుంది కూడా. ఉప్పునీళ్ళు అన్నందుకు. ఆ మాట తలుచుకుని పిచ్చుకతోకని ఊడొచ్చేంత గట్టిగా పట్టుకుంది.

ఒంటికొరడా. తూర్పుకి తిరిగారు. ఎదురుగా ఊదారంగు జాకెట్టు లేదు, ఏమీ లేదు, ఒక చెత్తకుండీ, దాని వెనక ఒక చెట్టు, ఆ చెట్టుకి వీపు ధడాధడా బాదుకుంటున్న ముసలాయన ఒకడు. రోజూ రెండు వందలు బాదుకుంటాడు, వెన్నుపూసకి మంచిదట. తొమ్మిదేళ్ళుగా వీపులు చూసి బతికిన మనిషికి కళ్ళెదుట దొరికిన ఒకే ఒక్క వీపు, అదీ చెట్టుకే అంటుకుపోయింది. వెనక నుంచి మాంసం కొట్టు పాన్ శ్వాస వినిపిస్తోంది, తిత్తి ఊదినట్టు, ఆ శ్వాస వెనక ముప్పై తొమ్మిది శ్వాసలు, అవన్నీ ఇప్పుడు తన వీపునే చూస్తున్నాయి. ఈ జాకెట్టుకి వెనకాల ఏమైనా మరక ఉందా? పొద్దున్న చూసుకోలేదు. చూసి చెప్పేవాడితో మాటల్లేవు.

ఒళ్ళే కాపాడింది. తెల్లకొంగ రెక్కలు విప్పింది, మోకాలు తుడిచి అడుగేసింది, కోతిని వెనక్కి తోలింది, సముద్రం అడుగున సూది వెతికింది. కాళ్ళకి అన్నీ తెలుసన్నట్టే ఉంది, తనే అనవసరంగా భయపడింది, తొమ్మిదేళ్ళు అన్నం ఉడికించినా చేతికి ఎసరు కొలత వస్తుంది, ఇది రాదా? మబ్బుచేతులు తిప్పుకుంటూ పక్కకి నడుస్తూ కాస్త ధైర్యం తెచ్చుకుంది, చూడు చూడు, గంతలు కట్టుకోకపోయినా చేస్తున్నానా లేదా అని మనసులో ఆ కొలబద్ద వీపుని దెప్పింది కూడా. పడకగదిలో మంచం పైన గోడకి ఎనభై అయిదు బొమ్మలు గీసి తగిలించాడు ఆయన, ఒక్కొక్క బొమ్మకీ ఎర్రసిరాతో బాణాలు. మొదట ఈయన ఊరికే తనకి తోడొచ్చేవాడు, చెప్పులకి కాపలా. ఇప్పుడు చూడండి. తను ఆ బొమ్మల కిందే తొమ్మిదేళ్ళు పడుకుంది, ఒక్కసారీ తలెత్తి చూడలేదు. మొగుడు గీసింది చదివి నేర్చుకోవడమేమిటని.

పాము కిందికి జారింది, లేచి బంగారు కోడి ఒంటికాలి మీద నిలబడింది, కోడంటే సూచింగ్‌కి ఇష్టం, ముద్దుగా ఉంటుంది. అది సరైన చోటే నిలబడింది. అసలు ఈ అభ్యాసంలో ఉన్న మోసం ఇదే, పాము ఇంకోసారి జారుతుంది, చిట్టచివర, అచ్చం ఇలాగే, ఇదే ఒంటికొరడా తర్వాత, ఇదే తూర్పుకి. మొదటి పాము తర్వాత కోడి. ఆఖరి పాము తర్వాత ఏడు చుక్కలు, ఆ వెంటనే మరి ఆరేడు, అంతే, ఇళ్ళకి పోవచ్చు. మళ్ళీ కోడే చేశారా, అయిపోయారు, కోడి తర్వాత కోతి, కోతి తర్వాత కొంగ, మొత్తం అడవంతా మళ్ళీ తిరగాలి. ఆ ఆఖరి పాము జారేసరికి సూచింగ్ ఎక్కడుంది? కొండదారిలో బస్సులో ఉంది. ఒళ్ళో గ్లాసు, పక్క సీట్లో కొత్త మొగుడు, వాంతి అయిన జోళ్ళు తీసి తన చేతిరుమాలుతో తుడుస్తున్నాడు, ఇది ఇన్నేళ్ళూ గుర్తులేదేమిటి, మూడు రోజుల కిందటి మొగుడు, ఏమీ అనకుండా, బస్సులో అందరూ చూస్తుంటే జోళ్ళు తుడిచాడు. ఆ ఆలోచనలో పాము నుంచి లేచి ముద్దుగా ఒంటికాలి మీద నిలబడింది. వెనక నలభై మందీ ఒంటికాలి మీద నిలబడ్డారు.

కోతిని తోలుకుంటూ వెనక్కి రెండడుగులు వేశాక టేపు ఆగిపోయింది. టక్ మని చప్పుడైంది, వేణువు పోయింది. ఇరవై అయిదు నిమిషాల టేపు అది, ఏనాడూ అభ్యాసం పూర్తి కాకుండా ఆగలేదు. ఇదేమిటి, కోతిని ఇందాకే తోలాం కదా, రెండుసార్లు తోలాం, అయితే ఇది మూడోసారా? వెనకాల చూడకూడదు, చూస్తే తెలిసిపోతుంది. నిశ్శబ్దంలో నలభై జతల గుడ్డబూట్లు సర్రు సర్రుమంటూ బుద్ధిగా వెనక్కి అడుగేస్తున్నాయి. ఒక్కరంటే ఒక్కరు, ఇది తప్పమ్మా అని దగ్గనైనా దగ్గలేదు. అంటే వీళ్ళందరూ, ఈ ముందు వరస పాతకాపులతో సహా, తనలాంటివాళ్ళేనా! పీట మీద వెన్ మాస్టారు టీ ఆకుల్ని ఊదుకుని ఒక గుక్క తాగాడు. ఆయనకి తెలుసు. ఇంకొకడికి తెలుసు. ఆ ఇంకొకడు ఇప్పుడు ఆఖరి వరసలో, తన తప్పుని తు.చ. తప్పకుండా చేస్తూ, లోలోపల ఎంత సంబరపడుతున్నాడో, ఇంటికెళ్ళాక ఏమీ అననక్కర్లేదు, గోడ మీద బొమ్మ వంక ఒకసారి చూస్తే చాలు, క్యాలెండరు కాగితం వెనక డెబ్భై ఏడు అని ఆ ఆఖరి పాము అంకె రాసి పెడితే చాలు. ముప్పై ఎనిమిదేళ్ళ సంసారంలో ఇంతకంటే పెద్ద గెలుపు ఆయనకి దొరకదు. చెట్టు ముసలాయన రెండు వందలూ పూర్తి చేసుకుని చొక్కా దులుపుకుని వెళ్ళిపోయాడు.

కొంగ, సూది, మలుపు. గుంపంతా పడమటికి తిరిగింది. ఇప్పుడు పగ్గాలు ఆ వీపు చేతిలో ఉన్నాయి, సూచింగ్ ఆఖరి వరసలో నిలబడి ఆ వీపునే చూసింది, నేరం చేసి బోనెక్కినట్టు. ఇక్కడొక అడ్డదారి ఉంది. అడ్డుకుని, తోసి, గుద్ది, ఆ గుద్దు దగ్గర పిచ్చుకతోక వైపు పోకుండా చేతులు వెనక్కి లాక్కుని అడ్డంగా కలిపేస్తే ముగింపు, అంతా సరిగ్గా అయిపోయినట్టే ఉంటుంది, ఎవడూ అడగడు. కాని లావో బీ ముగించాడంటే, లావో బీ సరిదిద్దాడనే అర్థం. సరిదిద్దకుండా ఉండడం ఆ మనిషికి చేతకాదు, హోటల్లో జాబితా కాగితం మీద తప్పులు కూడా కలం తీసి దిద్దుతాడు. అడ్డుకున్నాడు. తోశాడు. గుద్దాడు. పిడికిలి గాలిలో ఆగింది, ఒక శ్వాసంతసేపు ఆగింది, గుంపంతా పిడికిళ్ళు బిగించి ఆగింది. కానియ్, దిద్దెయ్, నాకు లెక్కలేదు అనుకుంది సూచింగ్, ఎంత లెక్కలేదో కళ్ళు గట్టిగా మూసుకుంది. తెరిచేసరికి ఆ పిడికిలి విప్పుకుంటోంది. మెత్తగా, తొందరేమీ లేకుండా, లావో బీ పిచ్చుకతోక పట్టుకున్నాడు.

లెక్క తప్పాడా? మిరియపు గింజలు లెక్కపెట్టేవాడు లెక్క తప్పడు. తెలిసే చేశాడు. అరవై ఏడేళ్ళవాడు, నడుం పట్టేస్తుంది, ఏడున్నరకల్లా గంజి తాగకపోతే చేతులు వణుకుతాయి, అలాంటివాడు నలభై మందిని వెంటేసుకుని ఆ చుట్టుదారంతా మళ్ళీ నడిపించి పట్టుకొచ్చి, తను దారి తప్పిన మలుపు దగ్గరే తనకి అప్పజెప్పబోతున్నాడు. ఎవరికీ తెలియకుండా. మీ తప్పు మీరే దిద్దుకోండి మేడమ్ అన్నట్టు. సూచింగ్‌కి ఏడుపొచ్చింది. ఏడుపుతో పాటు ముక్కు కారింది, రెండు చేతులా పిచ్చుక తోక ఉండగా ముక్కెలా తుడుచుకుంటారు, ఎగబీల్చింది, ముందు వరసలావిడ దాన్ని ప్రాణవాయువు అభ్యాసమనుకుందో ఏమో తనూ గట్టిగా ఎగబీల్చింది. ఉప్పునీళ్ళు అన్నవాడే ఇతను. జోళ్ళు తుడిచినవాడూ ఇతనే. ఒకే మనిషిలో ఇద్దరుంటే ఎవరితో మాట్లాడ్డం మానాలి?

ఒంటికొరడా, మబ్బుచేతులు, ఒంటికొరడా, గుర్రం మీద చెయ్యి, తన్ను, మళ్ళీ తోక, మళ్ళీ కొరడా. ఎండ వచ్చేసింది. మాజాంగ్ ఆడేవాళ్ళు పలకలు కలుపుతూ ఇటు చూస్తున్నారు, వీళ్ళింకా అయిపోలేదేమిటని. తూర్పుకి తిరిగి సూచింగ్ పాములా కిందికి జారింది, ఎడమ కాలు చాపి, కుడి మోకాలి మీద బరువంతా వేసి, జారాక తెలిసింది, ఏడ్చిన ఏడుపులో లెక్క మళ్ళీ పోయింది. ఇది ఏ పాము? ఇప్పుడు కోడా, చుక్కలా? మోకాలు కలుక్కుమంది. అయిదు రోజులుగా కలుక్కుమంటూనే ఉంది, ఎవరికి చెబుతుంది, కుక్కరుకి చెప్పింది. కిందనే ఉండిపోయింది. వెనక నలభై మందీ కిందనే ఉండిపోయారు, పాన్ మూలుగుతున్నాడు, ఎవరివో కీళ్ళు పటుక్కుమన్నాయి. ఊహించి ఏదో ఒకటి చేసేయవచ్చు. సగం సగం అవకాశం. కోడైతే వీళ్ళంతా మూడోసారి అడవి తిరగాలి, ఆ ముసలి నడుముతో సహా, ఆయన తిరుగుతాడు కూడా, నోరు మెదపకుండా మధ్యాహ్నం దాకా తిరుగుతాడు, తనకి తెలుసు.

తొమ్మిదేళ్ళలో ఆ చెట్ల కింద అభ్యాసం మధ్యలో ఎవరూ నోరు తెరవలేదు. సూచింగ్ నాలికని అంగిటి నుంచి ఊడదీసింది.

“లావో బీ!” అని కేకేసింది, చెత్తకుండీ వైపే చూస్తూ. “ఇప్పుడేంటయ్యా?”

ఎక్కడో వెనక, ఆఖరి వరస ఆఖరి మనిషి గొంతు, పదకొండు రోజుల తుప్పు పట్టిన గొంతు, వెంటనే వచ్చింది, ఇంతసేపూ ఆ ప్రశ్న కోసమే నిలబడ్డట్టు.

“ఏడు చుక్కలు!” అంది. మళ్ళీ ఇంకాస్త గట్టిగా, “మోకాలు జాగ్రత్తే, మెల్లిగా లే!”

నలభై మందీ మెల్లిగా లేచారు.